రిజిస్టర్లో 35, నా బ్యూరెట్ ప్రకారం 18: వైనరీ ల్యాబ్‌లో ఏ అంకె నమ్మాలి?

గుంటూరు_టు_నాసిక్
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఈమధ్యే నాసిక్ దగ్గర ఒక వైనరీ ల్యాబ్‌లో చేరాను. నాకు ముందున్న కెమిస్ట్ మానేసి వెళ్లిపోయాడు. అప్పగింతలంటూ ఏమీ లేవు, లావుపాటి రిజిస్టర్ ఒకటి తప్ప. ఏడో నంబరు ట్యాంకులో షిరాజ్ అనే రెడ్ వైన్ ఉంది, ఫిబ్రవరి కోత. దాని ఫ్రీ ఎస్‌ఓ2 (వైన్ పాడవకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్‌లో దేనికీ అంటుకోకుండా మిగిలింది, లీటరుకి మి.గ్రా.) రిజిస్టర్లో వారం వారం ఇలా ఉంది: 35, 35, 34, 35, 35. నేను చేస్తే 18 వచ్చింది. మళ్లీ చేసినా అంతే. వేరే శాంపిల్ తెచ్చి చేసినా అంతే. వైన్‌మేకర్ సార్‌కి చూపిస్తే "కొత్త కదా, ఇంకా చెయ్యి తిరగలేదు, ఎండ్ పాయింట్ ముందే ఆపేస్తున్నావ్" అన్నారు. 35 రాయమని చెప్పలేదు, 18 రాయమనీ చెప్పలేదు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఏం రాయాలి? ఒకటే టెన్షన్.

చుక్కలోడు
సగటు తీసి 26.5 రాసెయ్. ఇద్దరూ సంతోషిస్తారు.

క్యూసీ_కుమారి
జోక్‌కి కూడా అలా చెప్పకండి. నేను హైదరాబాద్‌లో ఫార్మా క్యూసీ. మా దగ్గర వారం వారం 35, 35, 34, 35, 35 కనిపిస్తే ఆడిటర్ ముందు ఆ పేజీ దగ్గరే ఆగిపోతాడు. చేత్తో చేసే టైట్రేషన్ అంత నిలకడగా రాదు. గడి ఖాళీగా ఉంచడం అన్నిటికన్నా తప్పు. మీకు వచ్చింది మీరు రాయండి, సంతకం, తేదీ, టైమ్ వెయ్యండి. పాత అంకెల జోలికి మాత్రం వెళ్లొద్దు. కొట్టివేత ఉంటే ఒక్క గీతే, కింద అంకె కనపడాలి. వైట్‌నర్ అనేది ల్యాబ్‌లోకే రాకూడదు.

దిండోరి_దాసు
మేడమ్, అది మందుల ఫ్యాక్టరీ. ఇక్కడ సీజన్‌లో రోజుకి యాభై శాంపిళ్లు వస్తాయి, ల్యాబ్‌లో ఉండేది ఒక్కడు. వాడే ప్రెస్ దగ్గరికీ పరిగెత్తాలి. సంతకాలు పెడుతూ కూర్చుంటే పండు కుళ్లిపోతుంది.

క్యూసీ_కుమారి
ఇది సీజన్ కాదు కదా. ఆ వరసలో ఉన్న 35లు కూడా సీజన్‌లో రాసినవి కావు.

లోడి_తాత
18 రైటా, 35 రైటా అని తేల్చే ముందు, 18 ఎలా వచ్చిందో చెప్పు బాబూ. ఎన్ని మిల్లీలీటర్ల శాంపిల్ తీసుకున్నావు, అయోడిన్ ఎంత దిగింది, దాని నార్మాలిటీ ఎంత, అది ఎప్పుడు కలిపింది? "18" అనేది నువ్వు చూసింది కాదు, లెక్క కట్టింది. నువ్వు కళ్లతో చూసింది బ్యూరెట్ మీద గీత. మొదట రాయాల్సింది అదే.

నేను కాలిఫోర్నియాలో లోడి వైపు చాలాకాలంగా ల్యాబ్ చూస్తున్నాను. నా దగ్గర చేరిన ప్రతి పిల్లాడికీ మొదటి వారం చెప్పేది ఇదే: జవాబు గడి చివర్న పెట్టు, దానికి ముందు శాంపిల్ పరిమాణం, బ్యూరెట్ మొదటి రీడింగ్, చివరి రీడింగ్, నార్మాలిటీ అని నాలుగు గడులు గియ్యి. రేపు నార్మాలిటీ తప్పని తేలితే మిల్లీలీటర్ల నుంచి నెల మొత్తం అంకెలు మళ్లీ కట్టుకోవచ్చు. జవాబు ఒక్కటే రాస్తే ఆ నెల పోయినట్టే.

గుంటూరు_టు_నాసిక్
రిప్పర్ పద్ధతి, అంటే నేరుగా అయోడిన్‌తో టైట్రేషన్. శాంపిల్ 50 మి.లీ., అయోడిన్ ఎన్/50 (0.02 నార్మల్), దిగింది 1.4 మి.లీ. 1.4 × 0.02 × 32 × 1000 / 50 = 17.9. అయోడిన్ సీసా నేను చేరకముందు నుంచే అల్మారాలో ఉంది. మీద "ఎన్/50" అని ఉంది, తేదీ లేదు. రిజిస్టర్లో మిల్లీలీటర్ల గడి లేదు, జవాబు మాత్రమే.

పంతులు_పిప్పెట్
తేదీ లేని అయోడిన్! మా డిగ్రీ కాలేజీలో సెకండియర్ పిల్లలకి కూడా దీనికి మార్కులు కోస్తాం. అయోడిన్ ఆవిరైపోతుంది, వెలుతురు తగిలితే ఇంకా త్వరగా బలహీనపడుతుంది. గోధుమ రంగు సీసాలో పెట్టి, వాడే రోజు థయోసల్ఫేట్‌తో సరిచూసుకోవాలి. అది పలచబడితే ఎక్కువ మిల్లీలీటర్లు దిగుతాయి, మీరు 0.02తోనే గుణిస్తారు కాబట్టి ఫలితం ఉన్నదానికన్నా పెద్దగా వస్తుంది. అంటే అసలు విలువ 18 కన్నా తక్కువే అయ్యుండాలి. మీ సార్ అనుకుంటున్నదానికి రివర్స్.

టీఏకి (వైన్‌లోని మొత్తం ఆసిడ్ కొలతకి) వాడే సోడియం హైడ్రాక్సైడ్‌తోనూ ఇదే తంటా. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని బలం తగ్గుతుంది. 10 మి.లీ. వైన్‌కి 0.1 నార్మల్ క్షారం 8 మి.లీ. పడితే టీఏ లీటరుకి 6.0 గ్రాములు. అదే క్షారం 0.092కి దిగిపోయుంటే 8.7 మి.లీ. దాకా పడుతుంది, మీరు 6.5 అని రాస్తారు. వైన్‌లో ఆసిడ్ పెరగలేదు, సీసాలో క్షారం తగ్గింది. కేహెచ్‌పీతో (పొటాషియం హైడ్రోజన్ థాలేట్, క్షారం బలం తేల్చడానికి వాడే ఆసిడ్ లవణం) సరిచూడండి.

చుక్కలోడు
మాష్టారు ఇక్కడ కూడా మార్కులు కోస్తున్నారు.

అడిలైడ్‌లో_అమ్ము
పంతులుగారి మాటకి తోడు ఇంకోటి. రెడ్ వైన్‌లో రిప్పర్ ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. రంగు పదార్థాలకి అంటుకున్న ఎస్‌ఓ2 కూడా టైట్రేషన్ జరుగుతుండగా విడిపడి అయోడిన్‌ని తాగేస్తుంది. పైగా ఎరుపులో స్టార్చ్ నీలం కనపడి చావదు. మేము రెడ్స్ అన్నిటికీ ఏఓ వాడతాం, అదే ఎయిరేషన్ ఆక్సిడేషన్. శాంపిల్ 20 మి.లీ., ఫాస్ఫారిక్ ఆసిడ్ వేసి గాలి లాగి, వచ్చిన వాయువుని పెరాక్సైడ్‌లో పట్టి, 0.01 నార్మల్ క్షారంతో టైట్రేట్ చేస్తే, దిగిన మిల్లీలీటర్లని 16తో గుణించడమే.

దిండోరి_దాసు
ఏఓకి పావుగంట పడుతుంది అక్కా. రిప్పర్ రెండు నిమిషాలు. ఇన్నేళ్లు రిప్పర్‌తోనే వైన్ చేశాం, ఎవరూ చచ్చిపోలేదు.

అడిలైడ్‌లో_అమ్ము
రిప్పర్ వద్దని ఎక్కడన్నాను? ఏ పద్ధతో పక్కన రాయమంటున్నా. ఒక నెల రిప్పర్, ఇంకో నెల ఏఓ చేసి ఒకే గడిలో పెడితే, తగ్గింది వైనా పద్ధతా అన్నది ఎవరికీ తెలీదు.

లోడి_తాత
గుంటూరు బాబూ, ఇంకో ప్రశ్న. ఆ ట్యాంకు పీహెచ్ ఎంత? ఎవరూ అడగలేదేంటి?

గుంటూరు_టు_నాసిక్
రిజిస్టర్లో ప్రతి వారం 3.6 అని ఉంది. నేను చూస్తే 3.82. మీటర్ మీద కూడా డౌట్ వచ్చి సార్‌కి ఇంకా చెప్పలేదు. ఒకేసారి రెండు అంకెలు తప్పంటే బాగోదని.

నంది_హిల్స్_నవ్య
3.6 అంటే ఎంఎల్ఎఫ్‌కి (బ్యాక్టీరియా మాలిక్ ఆసిడ్‌ని లాక్టిక్‌గా మార్చే మాలోలాక్టిక్ ఫెర్మెంటేషన్‌కి) ముందు తీసిన పీహెచ్ అయ్యుంటుంది! మాలిక్ పోయి లాక్టిక్ వచ్చాక 0.1 నుంచి 0.3 దాకా పెరగడం మామూలే. ఎవరో ఫిబ్రవరిలోనో మార్చిలోనో చూసి, ఆ తర్వాత ప్రతి వారం అదే దించుకుంటూ పోయారు. మా బెంగళూరు వైపు కూడా ఇది జరిగింది. రిజిస్టర్ గడి ఖాళీ ఉంటే తిడతారని పాత అంకె దించేస్తారు.

లోడి_తాత
నేనూ అదే అనుకున్నా. ఇప్పుడు అసలు లెక్క చూడు. సూక్ష్మజీవుల్ని ఆపేది ఫ్రీ ఎస్‌ఓ2 మొత్తం కాదు, దాంట్లో మాలిక్యులర్ రూపంలో ఉన్న చిన్న భాగం. ఆ భాగం ఎంతన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. ఫ్రీని (1 + 10 పవర్ (పీహెచ్ మైనస్ 1.81))తో భాగించు.

35, పీహెచ్ 3.6 అయితే: 35 / 62.7 = 0.56. రెడ్స్‌కి చాలామంది 0.5 చాలనుకుంటారు. మీ సార్ నిశ్చింతగా ఉన్నది ఇందుకే.
35, పీహెచ్ 3.82 అయితే: 35 / 103.3 = 0.34.
18, పీహెచ్ 3.82 అయితే: 0.17.

అంటే 35 నిజమే అయినా ఆ ట్యాంకుకి చాలదు. మీరిద్దరూ వాదించుకుంటున్నది పనికిరాని అంకె గురించి. ముందు పీహెచ్ తేల్చు.

తోటమాలి63
ఇంత చిన్న తేడాకి ఇంత మారుతుందా? 3.6కీ 3.8కీ తేడా ఏముంది?

పంతులు_పిప్పెట్
పీహెచ్ లాగరిథం స్కేలు అండీ. 0.8 మాలిక్యులర్ కావాలంటే 3.2 దగ్గర 20 మి.గ్రా. ఫ్రీ సరిపోతుంది. 3.5 దగ్గర 40 కావాలి. 3.8 దగ్గర 79. వైట్ వైన్ వాళ్లు ఎందుకు ఆసిడ్ ఆసిడ్ అని కొట్టుకుంటారో చూడండి.

తోటమాలి63
మా నాన్న హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పండించేవాడు. తీపి ఉందా లేదా అని కొరికి చూడటమే మా ల్యాబ్.

బ్రిక్స్‌బాబాయ్
నేను చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో రిటైరయ్యాను, వైన్ నాకు తెలీదు. కానీ కొలతల మాట వచ్చింది కాబట్టి బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం) గురించి చెప్పకుండా ఊరుకోలేను. మీ దగ్గర వాడే స్పిండిల్ (రసంలో తేలుతూ బ్రిక్స్ చూపించే గాజు పరికరం) కాడ మీద ఏ ఉష్ణోగ్రత అచ్చేసి ఉందో చూడండి. మన చక్కెర ఫ్యాక్టరీలకి అమ్మేవి 27.5 డిగ్రీలవి. వైన్ పుస్తకాల్లో, పట్టికల్లో అంతా 20 డిగ్రీలు. నాసిక్‌లో లోకల్ గ్లాస్‌వేర్ దుకాణంలో కొంటే ఏది చేతికొస్తుందో చెప్పలేం. 20 డిగ్రీల పట్టికతో 27.5 డిగ్రీల స్పిండిల్‌ని సవరిస్తే దాదాపు అర బ్రిక్స్ తేడా. ఏళ్ల తరబడి తేడా, ఒక్కరికీ అనుమానం రాదు, ఎందుకంటే రోజూ ఒకేలా తప్పు.

మామూలు సవరణ గుర్తుండాలంటే: స్పిండిల్ డిగ్రీ కన్నా రసం వేడిగా ఉంటే ప్రతి డిగ్రీకి సుమారు 0.06 కలపాలి, చల్లగా ఉంటే తీసెయ్యాలి. రీడింగ్ ఒక గడి, ఉష్ణోగ్రత ఒక గడి, సవరించింది ఒక గడి. పైన తాతగారు చెప్పిందే.

దిండోరి_దాసు
బాబాయ్, ఇది మాత్రం నిజంగా చూడాలి. జనవరిలో మేం తెల్లవారుజామున కోస్తాం, రసం 12 డిగ్రీలు ఉంటుంది. అదే రోజు మధ్యాహ్నం తెచ్చిన లారీ లోడు 28. ఒకే తోట, రెండు బ్రిక్స్‌లు. తోట రైతుతో గొడవ.

బ్రిక్స్‌బాబాయ్
ముందు కాడ మీద చూసి చెప్పు.

నంది_హిల్స్_నవ్య
రిఫ్రాక్టోమీటర్ అయితే ఆటోమేటిక్ సవరణ ఉంటుంది కదా, అది వాడొచ్చు. ఫెర్మెంటేషన్ మొదలయ్యాక మాత్రం వద్దు. ఆల్కహాల్ వల్ల తప్పు రీడింగ్ ఇస్తుంది, పూర్తిగా డ్రై అయిపోయిన వైన్‌కి కూడా ఎంతో కొంత బ్రిక్స్ చూపిస్తుంది.

అడిలైడ్‌లో_అమ్ము
పీహెచ్ మీటర్ డౌట్‌కి చవకైన పరీక్ష: 7, 4 బఫర్లతో క్యాలిబ్రేట్ చేశాక, పొటాషియం బైటార్ట్రేట్ పొడిని నీళ్లలో ఇక కరగనంత వేసి కలిపి చూడండి. 25 డిగ్రీల దగ్గర 3.56 రావాలి. వైన్ ఉండే రేంజ్‌లోనే ఉంటుంది కాబట్టి ఇది మీకు బాగా పనికొస్తుంది. ఎలక్ట్రోడ్ స్లోప్ శాతం కూడా రోజూ రాసుకోండి. అది నెమ్మదిగా 99 నుంచి 92కి జారుతుంటే ఎలక్ట్రోడ్ ముసలిదయిందని ముందే తెలుస్తుంది.

రెండోది, ఒక కంట్రోల్ వైన్ పెట్టుకోండి. మేం ఇక్కడ డబ్బా వైన్ వాడతాం. లోపల సంచి ఉంటుంది కదా, తీసిన కొద్దీ ముడుచుకుంటుంది, గాలి దూరదు. ఆ డబ్బా పుట్టింది ఈ రాష్ట్రంలోనే, 1965లో, థామస్ ఆంగోవ్ అనే ఆయన చేతిలో. రోజూ మొదటి శాంపిల్ అదే చేసి గ్రాఫ్ మీద చుక్క పెడతాం. చుక్కలు ఒకే వైపు వరసగా పోతుంటే ఆ రోజు పని ఆపి రీఏజెంట్లు చూస్తాం.

చుక్కలోడు
పొద్దున్నే మొదటి చుక్క వైనా. ఈ ఉద్యోగానికి అప్లికేషన్ ఎక్కడ?

క్యూసీ_కుమారి
కంట్రోల్ వైన్ మంచి ఐడియా, కానీ దాంట్లో ఫ్రీ ఎస్‌ఓ2 కూడా రోజులు గడిచే కొద్దీ తగ్గుతుంది కదా?

అడిలైడ్‌లో_అమ్ము
కరెక్ట్. పీహెచ్, టీఏ, ఆల్కహాల్‌కి అది కంట్రోల్. ఎస్‌ఓ2కి కాదు. ఎస్‌ఓ2కి నార్మాలిటీ సరిచూడటం, డూప్లికేట్ చెయ్యడం, అప్పుడప్పుడు వేరే ల్యాబ్‌తో పోల్చడం. ఇక్కడ ఇంటర్‌వైనరీ అనాలిసిస్ గ్రూప్ అని ఒకటుంది, ఒకే వైన్‌ని చాలా ల్యాబ్‌లకి పంపి ఎవరికెంత వచ్చిందో చూపిస్తారు. మీకు పక్క వైనరీ కెమిస్ట్ దొరికినా చాలు.

గుంటూరు_టు_నాసిక్
అన్నీ చేశాను. కొత్త థయోసల్ఫేట్‌తో చూస్తే పాత అయోడిన్ 0.0168 నార్మల్. అదే 1.4 మి.లీ.తో మళ్లీ కడితే 15. టార్ట్రేట్ ద్రావణం 3.55 వచ్చింది, మీటర్ బాగానే ఉంది, ఏడో ట్యాంకు పీహెచ్ 3.82 ఖాయం. పక్క వైనరీలో తెలిసినాయన ఏఓ మీద చేసిపెట్టాడు: 12.

సార్‌కి ఎలా చెప్పాలో మాత్రం తెలియట్లేదు. ఆయన చెడ్డమనిషి కాదు. నాలుక మీద నమ్మకం ఎక్కువ.

దిండోరి_దాసు
"పాత రిజిస్టర్ తప్పు" అని మొదలుపెట్టకు. మన దగ్గర అది కెమిస్ట్ తప్పుగా వినపడదు, తన తప్పుగా వినపడుతుంది. "సార్, ఒక్కసారి నా చెయ్యి చూస్తారా, ఎండ్ పాయింట్ నేర్పండి" అని ల్యాబ్‌లోకి పిలువు. కొత్త అయోడిన్ పెట్టి ఆయన చేతే చేయించు. వచ్చిన మిల్లీలీటర్లు ఆయన ముందే రాయి.

క్యూసీ_కుమారి
ఇది మాత్రం ఒప్పుకుంటా. పని చేస్తుంది.

లోడి_తాత
వీఏ (వోలటైల్ ఆసిడిటీ, వినిగర్ పులుపు) ఎంతుంది? అది కూడా చెప్పు.

గుంటూరు_టు_నాసిక్
నేను చేసింది 0.64. రిజిస్టర్లో వెతికితే జూలైలో 0.56, జూన్‌లో 0.47, మేలో 0.41, ఏప్రిల్‌లో 0.38. ఒక్కోటి ఒక్కో పేజీలో ఉంది, మధ్యలో మిగతా ట్యాంకులన్నీ ఉన్నాయి. ఇప్పుడిలా ఒక వరసలో రాశాక నాకే భయమేస్తోంది.

లోడి_తాత
అదీ సంగతి. ఏ అంకెకి ఆ అంకె చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. అమెరికాలో రెడ్ వైన్‌కి చట్టపరమైన పరిమితి లీటరుకి 1.4 గ్రాములు, దానికి ఎంతో దూరంలో ఉంది. అంతర్జాతీయ వైన్ సంస్థ ఓఐవీ చెప్పే 1.2కి కూడా దూరమే. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. కానీ నెలనెలా పెరుగుతోంది, పెరిగే వేగం కూడా మొదటికన్నా ఎక్కువైంది: 0.03, 0.06, 0.09, 0.08. ట్యాంకులో ఏదో బతికుంది. తేదీల వారీ రిజిస్టర్లో ఇది చచ్చినా కనపడదు. ట్యాంకుకి ఒక పేజీ పెట్టు. రోజువారీ పుస్తకం అలాగే ఉండనీ, అందులోంచి ట్యాంకు పేజీకి ఎక్కించు.

పంతులు_పిప్పెట్
వీఏ క్యాష్ స్టిల్ (వైన్‌లోంచి ఆవిరితో ఆసిడ్‌ని వేరు చేసే గాజు పరికరం) మీద తీశారా? ఎస్‌ఓ2 కూడా ఆవిరితో పాటు వచ్చి ఆసిడ్‌గా లెక్కలో పడుతుంది. పెరాక్సైడ్ వేసి సవరించకపోతే వీఏ ఎక్కువ కనపడుతుంది.

గుంటూరు_టు_నాసిక్
పెరాక్సైడ్ వేసే చేశాను మాష్టారూ. పాతవి ఎలా చేశారో రాసి లేదు.

లోడి_తాత
పాతవి సవరణ లేకుండా తీసినవైతే వాటి అసలు విలువలు ఇంకా తక్కువ. అప్పుడు పెరుగుదల మనం చూస్తున్నదానికన్నా ఎక్కువ అవుతుంది, తక్కువ కాదు.

నంది_హిల్స్_నవ్య
ట్యాంకు నిండా ఉందా? ఎసిటిక్ బ్యాక్టీరియాకి గాలి కావాలి. పైన ఖాళీ ఉంటే తప్ప స్టీల్ ట్యాంకులో వీఏ ఇలా ఎగబాకదు.

గుంటూరు_టు_నాసిక్
ఇప్పుడే ఎక్కి చూశాను. పది వేల లీటర్ల ట్యాంకు, పైన రెండడుగులు ఖాళీ. సెల్లార్ వాళ్లని అడిగితే మేలో ఒక బ్లెండ్ కోసం కొంత తీశారట. వాళ్ల పుస్తకంలో ఉంది, ల్యాబ్ రిజిస్టర్లో లేదు. నైట్రోజన్ వదులుతున్నారా అంటే "వారానికోసారి" అన్నాడొకడు, "నెలకోసారి" అన్నాడు ఇంకొకడు.

నంది_హిల్స్_నవ్య
మే తర్వాతే వీఏ లేచింది చూడండి. ట్యాంకు పేజీలో అంకెలతో పాటు జరిగిన పనులు కూడా రాయాలనేది ఇందుకే. తీసింది, నింపింది, ర్యాకింగ్ చేసింది (మడ్డి వదిలి వేరే ట్యాంకుకి మార్చింది), కేఎంఎస్ (ఎస్‌ఓ2 ఇచ్చే పొటాషియం మెటాబైసల్ఫైట్) వేసింది, చల్లబరిచింది. అవి లేకపోతే అంకె పెరిగిందని తెలుస్తుంది, ఎందుకో తెలీదు.

దిండోరి_దాసు
శాంపిల్ ఎక్కడ తీశారో కూడా. మా దగ్గర ఒకడు కుళాయి తిప్పగానే వచ్చిన మొదటి గ్లాసు తెచ్చేవాడు. పైపులో నిలవ ఉన్న వైన్ అది, ట్యాంకుది కాదు. ముందు కాస్త వదిలేసి తర్వాత పట్టాలి. కేఎంఎస్ వేసిన అరగంటకి శాంపిల్ పట్టి "ఇంకా 5 ఏంటి" అని మళ్లీ వేసిన మహానుభావుల్ని కూడా చూశాను. అడుగున 5, మధ్యలో 90.

తోటమాలి63
నేను ఇంట్లో జాడీలో ద్రాక్ష వైన్ పెట్టాను, పైన తెల్లటి పొర వచ్చింది. మాలిక్యులర్ ఎంత వెయ్యాలి?

సభాపతి
@తోటమాలి63 ఇంటి వైన్‌కి వేరే దారం ఉంది, అక్కడ అడగండి. ఈ దారం వైనరీ ల్యాబ్‌కే.

చుక్కలోడు
తెల్ల పొర వచ్చాక దాన్ని వైన్ అనరు పెద్దాయనా, పచ్చడిలోకి పనికొస్తుంది.

అడిలైడ్‌లో_అమ్ము
ఫ్రీ ఒక్కటే కాదు, టోటల్ కూడా చూస్తున్నారా? ఫ్రీ తగ్గి టోటల్ అలాగే ఉంటే ఎస్‌ఓ2 వైన్‌లోనే దేనికో అంటుకుంది, ఎక్కువగా ఎసిటాల్డిహైడ్‌కి. రెండూ తగ్గుతుంటే గాలితో కలిసి సల్ఫేట్‌గా మారిపోతోంది, లేదా ఎగిరిపోతోంది. ఈ తేడా తెలియకపోతే ఎంత వేసినా తెలియకుండానే మింగేస్తుంది.

గుంటూరు_టు_నాసిక్
టోటల్ గడే లేదు. గీస్తాను.

క్యూసీ_కుమారి
రిజిస్టరా ఎక్సెల్లా అని ఇంకా ఎవరూ కొట్టుకోలేదు, ఆశ్చర్యంగా ఉంది.

దిండోరి_దాసు
రిజిస్టరే. తడి చేతులతో ల్యాప్‌టాప్ ముట్టుకోలేం.

నంది_హిల్స్_నవ్య
ఎక్సెల్. గ్రాఫ్ ఒక్క క్లిక్‌తో వస్తుంది. పైన వీఏ కథ ఎక్సెల్‌లో ఉంటే జూన్‌లోనే దొరికేది.

క్యూసీ_కుమారి
ఎక్సెల్‌లో ఎవరైనా వెనక్కి వెళ్లి మార్చినా ఆనవాలు ఉండదు. మొదటి రాత కాగితం మీద, పేజీ నంబర్లున్న పుస్తకంలో, అక్కడికక్కడే. తర్వాత ఎక్సెల్‌లోకి. చేతి మీద, టిష్యూ మీద రాసుకొచ్చి సాయంత్రం పుస్తకంలో "నీట్‌గా" ఎక్కించడం వద్దు. ఆ టిష్యూయే అసలు రికార్డు, అదేమో చెత్తబుట్టలో ఉంటుంది.

పంతులు_పిప్పెట్
ఎక్సెల్ వాళ్లకి ఒక విన్నపం. 17.92 అని రాయకండి. 0.1 మి.లీ. దాకా చదివే బ్యూరెట్‌తో, 50 మి.లీ. శాంపిల్ మీద, ఒక్క గీత తేడాకే 1.3 మి.గ్రా. మారుతుంది. 18 చాలు.

లోడి_తాత
యూనిట్లు కూడా. నేను పనిచేసిన ఒక పాత చోట ఫ్రెంచ్ కన్సల్టెంట్ రిపోర్టులో టీఏ 4.2 అని వచ్చింది. ఆసిడ్ తక్కువైందని సెల్లార్ వాళ్లు టార్టారిక్ బస్తాలు విప్పారు. ఫ్రాన్స్‌లో టీఏని సల్ఫ్యూరిక్ లెక్కలో చెప్తారు. 1.53తో గుణిస్తే టార్టారిక్ లెక్కలో 6.4, అంటే ఏ లోటూ లేదు. కాగితం మీద ఎక్కడా "దేని లెక్కలో" అని లేదు. ఆ వైన్ తాగితే పళ్లు జిల్లుమనేవి.

నంది_హిల్స్_నవ్య
నాదీ ఒకటి. చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌ని కోల్డ్ స్టెబిలైజేషన్‌కి (బైటార్ట్రేట్ పలుకులు ముందే రాలిపోవడానికి) చల్లబరిచాక టీఏ 6.8 నుంచి 6.1కి దిగింది, పీహెచ్ కూడా 3.40 నుంచి 3.34కి దిగింది. "ఆసిడ్ తగ్గితే పీహెచ్ పెరగాలి కదా, మీటర్ పాడైంది" అని బాస్ నన్ను క్యాలిబ్రేషన్ మీద క్యాలిబ్రేషన్ చేయించారు. మీటర్‌కి ఏమీ కాలేదు. పీహెచ్ దాదాపు 3.65 లోపల ఉంటే బైటార్ట్రేట్ పేరుకున్నప్పుడు రెండూ తగ్గుతాయి. అంతకు పైన ఉంటే పీహెచ్ పెరుగుతుంది. గుంటూరుగారి 3.82 షిరాజ్‌ని చల్లబరిస్తే పీహెచ్ ఇంకా పైకి పోతుంది, అది చూసుకోండి.

గుంటూరు_టు_నాసిక్
అప్‌డేట్. దాసు అన్న చెప్పినట్టే సార్‌ని ల్యాబ్‌లోకి పిలిచాను. ఆయన చేత్తో, కొత్త అయోడిన్‌తో 1.2 మి.లీ. దిగింది, అంటే 15. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ట్యాంకు పేజీలో వీఏ వరస చూపించాను. దాంతో మాట మారింది. "ఇది ముందు చూపించాల్సింది" అన్నారు.

ముందు 100 మి.లీ. గ్లాసుల్లో ట్రయల్ పెట్టాం. లీటరుకి ఒక గ్రాము టార్టారిక్‌తో పీహెచ్ 3.71కి వచ్చింది, రుచి ఆయనకి నచ్చింది. ట్యాంకులో అంతే వేశాం. 0.5 మాలిక్యులర్‌కి ఆ పీహెచ్ దగ్గర ఫ్రీ 40 కావాలి, అంటే 25 పెంచాలి. ట్యాంకులో ఇప్పుడు ఎనిమిది వేల లీటర్లే ఉంది కాబట్టి 200 గ్రాముల ఎస్‌ఓ2, కేఎంఎస్‌లో 57.6 శాతం లెక్కన దాదాపు 350 గ్రాములు. వేసి, బాగా కలిపి, మర్నాడు చూస్తే 33.

లోడి_తాత
మామూలే. వేసిందాంట్లో కొంత అంటుకుపోతుంది. 33 / 80.4 అంటే 0.41. ఇంకాస్త వేసి మళ్లీ చూడు. కేఎంఎస్ డబ్బా ఎప్పుడు తెరిచిందో కూడా చూడు, తేమ తగిలి పాతబడితే 57.6 ఉండదు. అన్నిటికన్నా ముందు ఆ వైన్‌ని నిండేంత చిన్న ట్యాంకులోకి మార్చమను. ఖాళీ అలాగే ఉంటే నువ్వు వేసేది గాలి తింటూనే ఉంటుంది.

గుంటూరు_టు_నాసిక్
శుక్రవారం మారుస్తామన్నారు. మధ్యలో ఇంకో డౌట్. మూడో ట్యాంకు సావిన్యాన్ బ్లాంక్, కొత్త అయోడిన్‌తో రిప్పర్ చేస్తే ఫ్రీ 44 వచ్చింది. రిజిస్టర్లో 25 ఉంది. ఈసారి నాదే ఎక్కువ!

అడిలైడ్‌లో_అమ్ము
దాంట్లో ఆస్కార్బిక్ ఆసిడ్ వేశారా?

గుంటూరు_టు_నాసిక్
సెల్లార్ పుస్తకంలో ఉంది. పోయిన వారం, లీటరుకి 60 మి.గ్రా.

అడిలైడ్‌లో_అమ్ము
అదీ అయోడిన్ తాగుతుంది. 60 మి.గ్రా. ఆస్కార్బిక్ అంటే 22 మి.గ్రా. ఎస్‌ఓ2 అంత. మీ 44లో సగం అదే కావచ్చు. ఆ ట్యాంకుకి రిప్పర్ వద్దు, పక్క వైనరీ ఆయన్ని ఇంకోసారి బతిమాలి ఏఓ చేయించండి. ట్యాంకు పేజీ పైన "ఆస్కార్బిక్ ఉంది" అని ఎర్ర పెన్నుతో రాసిపెట్టండి.

దిండోరి_దాసు
@బ్రిక్స్‌బాబాయ్ కాడ మీద చూశాను. రెండు స్పిండిళ్లు ఉన్నాయి. ఒకటి 20, ఒకటి 27.5.

బ్రిక్స్‌బాబాయ్
ఏ రోజు ఏది వాడారో రాసుందా?